నాన్నకి పాటలు వినడానికి ఏం కొనాలి? రేడియో నుంచి రికార్డు దాకా ఓ హైదరాబాదీ బేరీజు

కిందటి నెల మా మేనత్త కొడుకు వనస్థలిపురం నుంచి ఫోన్ చేశాడు. “బావా, నాన్నకి 75 నిండుతున్నాయి. పాత పాటలంటే ప్రాణం కదా. రికార్డు ప్లేయర్ కొనిద్దామా, పాటలు నింపి అమ్ముతారే ఆ పెట్టె కొనిద్దామా, లేకపోతే ఫోన్లో ఏదో యాప్‌కి డబ్బు కట్టేస్తే సరిపోతుందా?”

“మామయ్య కుర్రాడిగా ఉన్నప్పుడు పాటలు దేంట్లో వినేవారు?” అన్నాను.

“ఏమో బావా, ఎప్పుడూ అడగలేదు.”

పాటల పిచ్చోడని పేరు పడ్డాక ఇలాంటి ఫోన్లు నాకు మామూలే. మా ఇంట్లో రెండు రేడియోలు, ఒక రికార్డు ప్లేయర్, పని చెయ్యని టేప్ రికార్డర్, మూడు యాప్‌లు ఉన్నాయి. అందులో సగం తొందరపడి కొన్నవే. కాబట్టి కింద రాసిందాంట్లో కొంత తెలిసి చెప్పేది, కొంత చేతులు కాల్చుకుని చెప్పేది.

## కొనేముందు చూసుకోవాల్సినవి

అందరూ ముందు ధర అడుగుతారు, ఆ తర్వాత క్వాలిటీ. నా లెక్కలో ఆ రెండూ వెనక వరసలో కూర్చోవాలి. మొదటి ప్రశ్న, వినేవాళ్ళ చెవికి ఏది అలవాటు అన్నది.

రేడియోతో పెరిగినవాళ్ళకి పాట దానంతట అది రావాలి. తర్వాత ఏం వస్తుందో తెలియకపోవడంలోనే వాళ్ళకి సగం సంతోషం. క్యాసెట్‌తో పెరిగినవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. ఒక పాట అయిపోగానే, క్యాసెట్‌లో దాని తర్వాత ఉండే పాట మొదలు వాళ్ళ చెవిలో దానంతట అదే మోగుతుంది. నాకు ఇప్పటికీ అంతే. యాప్ అక్కడ వేరే పాట వేసిందంటే మెట్టు ఉందనుకుని కాలు వేసి తూలినట్టు అవుతుంది. వరస చెదిరితే వీళ్ళకి చిరాకు, వరస తెలిసిపోతే వాళ్ళకి విసుగు. ఇద్దరికీ ఒకే వస్తువు కొనిస్తే ఒకరికి అది మూలన పడుతుంది.

రెండోది, దొరుకుతున్నది అసలు పాటేనా అన్నది. 1950ల, 60ల పాటలకి ఇది పెద్ద తలనొప్పి. ఒకే పాటకి సినిమాలో ఒక రూపం, రికార్డు మీద ఒక రూపం ఉంటాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు (దాన్నే 78 అంటారు) మీద ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. అందుకని సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఎగిరిపోవడం, పొడవైన పాటని రెండు వైపులకీ పంచడం మామూలుగా జరిగేవి. వీటి మీదికి ఇప్పుడు కొత్త గొంతులతో మళ్ళీ పాడించినవి, డప్పులు కలిపినవి, మోనో పాటని సాగదీసి స్టీరియో అని పేరు పెట్టినవి తోడయ్యాయి.

మూడోది, పేర్లు. రాసిందెవరు, కట్టిందెవరు అని తెలుసుకోవాలనే యావ ఉన్నవాళ్ళకి అది లేకపోతే పాట సగమే విన్నట్టు. నాలుగోది, ఒక్కరే వింటారా, ఇంట్లో నలుగురూ వింటారా. ఖర్చు, చోటు ఆ తర్వాత.

వీటన్నిటికీ ఒక దగ్గరి దారి ఉంది. ఊపిరి ఎక్కడ తీసుకున్నారో కూడా తెలిసినంతగా విన్న పాట ఒకటి ఎంచుకోండి. దేనికి డబ్బు పెట్టాలన్నా ముందు ఆ పాట దాంట్లో వినండి. పల్లవికి ముందు తాళం లేకుండా పాడే సాకీ ఉందా, చరణాలు అన్నీ ఉన్నాయా, శ్రుతి సరిగ్గా ఉందా, పేర్లు తప్పులు లేకుండా ఉన్నాయా చూడండి. నా పరీక్ష పాట పేరు చెప్పను. చెబితే నా వయసు లెక్కేస్తారు.

| ఏది | పాట ఎంచేది | అసలు పాట దొరుకుతుందా | పేర్లు చెబుతుందా | ఖర్చు | చిక్కు |
|---|---|---|---|---|---|
| ఆకాశవాణి, వివిధ భారతి | అనౌన్సరు | ఎక్కువసార్లు | చెబుతుంది | చిన్న రేడియో ధర | కావాలన్నప్పుడు రాదు |
| యాప్ | మీరు, లేదా యాప్ | వెతికితే | అరకొర | నెలవారీ | తప్పుల తడక |
| యూట్యూబ్ | మీరు | సినిమాలోని రూపం దొరుకుతుంది | పెట్టినవాళ్ళ దయ | ఉచితం, ప్రకటనలతో | శ్రుతి తేడాలు |
| పాటలు నింపిన పెట్టె | పెట్టె | ఆ కంపెనీవైతే | లేదు | ఒక్కసారి | ఒకే కంపెనీ పాటలు |
| గ్రామఫోన్ రికార్డు | మీరు | రికార్డు రూపం, తప్పకుండా | అట్ట మీద, లేబుల్ మీద | చాలా | ఓపిక, చోటు |
| సీడీ, క్యాసెట్ | వరస ముందే ఖాయం | దాదాపు | అట్ట మీద | కొద్దిగా | మిషన్లు దొరకవు |
| కచేరీ | పాడేవాళ్ళు | కాదు | చెబుతారు | ఉచితం నుంచి వేల దాకా | సన్మానాలు |

## రేడియో: ఇంకా బతికే ఉంది

వివిధ భారతి 1957 అక్టోబర్ 3న మొదలైంది. అంతకుముందు కొన్నేళ్ళు ఆకాశవాణిలో సినిమా పాటకి చోటు దాదాపు లేకుండా పోయింది. అప్పటి కేంద్ర ప్రసార మంత్రి బి.వి. కేస్కర్‌కి ఆ పాటలంటే పడేది కాదు. శ్రోతలు ఊరుకుంటారా, రేడియో సిలోన్‌కి తిప్పేశారు. వాళ్ళని వెనక్కి రప్పించుకోవడానికి పెట్టిందే వివిధ భారతి. డెబ్బై దాటినవాళ్ళ దగ్గర “సిలోన్” అన్న మాట ఒక్కసారి అని చూడండి, ముఖం వెలుగుతుంది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఎఫ్ఎంలో వివిధ భారతి 102.8 మీద, ఆకాశవాణిదే ఇంకో స్టేషన్ రెయిన్‌బో 101.9 మీద వస్తాయి. నేను రేడియోని ఇంకా వదలకపోవడానికి కారణం అనౌన్సర్లు. చిత్రం ఫలానా, రచన ఫలానా, సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా అని పాటకి ముందో వెనకో చెప్పే అలవాటు ఆకాశవాణిది. పెండ్యాల బాణీ ఏదో, సాలూరి రాజేశ్వరరావు బాణీ ఏదో నాకు తెలిసింది పుస్తకాలు చదివి కాదు, పొద్దున కాఫీ తాగుతూ ఆ నాలుగు ముక్కలు ఏళ్ళ తరబడి చెవిన పడడం వల్ల. శ్రోతలు కోరిన పాటలు వేసే జనరంజనిలో ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు గుక్క తిప్పుకోకుండా చదివేవారు. మన పేరు వస్తుందేమోనని పాట కంటే ముందు ఆ జాబితా వినేవాళ్ళం. ఆదివారాల్లో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది. సినిమా మొత్తాన్ని మాటలు, పాటలతో గంటలోకి కుదించి వినిపించేవారు. తెర లేకుండా సినిమా చూడడం అంటే అదే.

ప్రైవేట్ ఎఫ్ఎంల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కొత్త పాటలు, మధ్యలో కబుర్లు. పాట ఎత్తుగడలో వయొలిన్లు మొదలయ్యాయో లేదో దాని మీద ఎవరో ఒకరు నవ్వుతూ మాట్లాడేస్తారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు తోడుకి పనికొస్తాయి.

కొనేముందు ఒక మాట. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఎఫ్ఎం ఉండదు. ఉన్నవాటికి వైరున్న ఇయర్‌ఫోన్ గుచ్చాలి, ఆ వైరే ఏరియల్. అందుకని పెద్దవాళ్ళకి విడిగా ఒక చిన్న రేడియో కొనివ్వడం మేలు. కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగితే దొరుకుతాయి. సుల్తాన్ బజార్ మెట్రోలో దిగి నడవండి, అక్కడ బండి పెట్టడానికి చోటు వెతికే ఓపికతో పది కొట్లు చూడొచ్చు. అపార్ట్‌మెంట్‌లో మధ్య గదిలో పెడితే గరగర తప్పదు, కిటికీ పక్కన పెట్టాలి. సిగ్నల్ అందని ఇళ్ళలో ఆకాశవాణివాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఇవే స్టేషన్లు వస్తాయి, కాకపోతే మళ్ళీ ఫోన్ దగ్గరికే వచ్చినట్టు.

## యాప్: అన్నీ ఉన్నాయి, ఎక్కడున్నాయో తెలియదు

యాప్‌లో పాటలు లేవని ఎవరూ అనలేరు. ఇబ్బందంతా వెతకడంలో ఉంది. ఘంటసాల పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ రాసి పెట్టారు. ఒకచోట వెతికితే ఇరవై పాటలు, స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తగ్గిస్తే ఇంకో నలభై. సుశీల పాడిన పాటకి జానకి పేరు, సంగీత దర్శకుడి పేరు ఉండాల్సిన చోట హీరో పేరు. గీత రచయిత పేరైతే చాలాసార్లు అసలుండదు. వేటూరిది, సిరివెన్నెలది ఏ పాటో తేల్చుకోవాలంటే ఇంకోచోట వెతుక్కోవాల్సిందే.

దీనికి నేను పాటించే పద్ధతి ఇది. పాట పేరు కొట్టను, సినిమా పేరు కొడతాను. సినిమా పేరుతోనే ఉన్న ఆల్బమ్ తెరుస్తాను. “హిట్స్”, “బెస్ట్ ఆఫ్”, “గోల్డెన్” అని ఉన్నవాటి జోలికి పోను, పునర్జన్మ ఎత్తిన పాటలన్నీ వాటిల్లోనే చేరతాయి. తర్వాత నిడివి చూస్తాను. ఒకే పాట 3:20 ఒకటి, 4:05 ఒకటి కనిపిస్తే రెండోదాంట్లో సాకీనో ఇంకో చరణమో ఉండొచ్చు.

క్వాలిటీ గురించి తెగ వాదించుకుంటారు కానీ, ఏ కాలం పాట అన్నదాన్ని బట్టి చూడాలి. 1955లో మద్రాసు స్టూడియోలో మోనోలో తీసిన పాటకి లాస్‌లెస్ (ధ్వనిలో ఏమీ పోగొట్టకుండా ఇచ్చే) ప్లాన్ కట్టడం పూరి గుడిసెకి ఇత్తడి గేటు పెట్టినట్టు. ఇళయరాజా 80ల పాటలకి మాత్రం తేడా తెలుస్తుంది. బేస్ గిటార్ అక్కడ తాళం వెయ్యదు, కింద ఇంకో పాట పాడుతుంటుంది. ఫోన్ స్పీకర్లో అది అసలు వినపడదు. వైరున్న మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని, సెట్టింగ్స్‌లో క్వాలిటీ పైకి జరిపి వినండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మామూలుగా పాటని మళ్ళీ కుదించే పంపిస్తాయి కాబట్టి, అవి వాడుతూ లాస్‌లెస్‌కి డబ్బు కట్టడం దండగ. 320 కేబీపీఎస్‌లో నాలుగు నిమిషాల పాటకి సుమారు 10 ఎంబీ డేటా అవుతుంది. వైఫైలో దించుకుంటే ఆ గొడవ కూడా ఉండదు.

ఇంకో సంగతి. యాప్‌లో పాట మనది కాదు. కంపెనీకీ యాప్‌కీ ఒప్పందం చెడిందంటే, రాత్రి ఉన్న ఆల్బమ్ పొద్దున బూడిద రంగులోకి మారిపోతుంది. నెలనెలా అద్దె కట్టే ఇల్లు లాంటిది.

## యూట్యూబ్, శ్రుతి గొడవ

సినిమాలో ఉన్న పూర్తి పాట కావాలంటే యూట్యూబ్‌ని మించింది లేదు. రికార్డులో ఎగిరిపోయిన చరణం, పాట మధ్యలో వచ్చే మాటలు, చివర తలుపు చప్పుడుతో సహా దొరుకుతాయి. కానీ ఇక్కడో గోతి ఉంది. పాట నేర్చుకునే పిల్లలున్నవాళ్ళు ఇది తప్పక తెలుసుకోవాలి.

మా తమ్ముడి కూతురు ఒక పాత పాట యూట్యూబ్‌లో చూసి నేర్చుకుని టీచరు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ హార్మోనియం మీద శ్రుతి పట్టుకుందామంటే ఎక్కడా కలవదు. పై మెట్టు పట్టుకుంటే తక్కువ, కింది మెట్టు పట్టుకుంటే ఎక్కువ. పిల్ల అపశ్రుతి పాడుతోందనుకున్నారు, పాపం. తప్పు పిల్లది కాదు. సినిమా రీలు సెకనుకి 24 బొమ్మల చొప్పున తిరుగుతుంది, మన టీవీ పద్ధతి 25. టీవీ కోసమో వీసీడీ కోసమో మార్చేటప్పుడు చాలాసార్లు రీలుని ఆ కాస్త వేగంగా తిప్పేస్తారు. నాలుగు నిమిషాల పాట 3 నిమిషాల 50 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి అర శ్రుతికి కొంచెం తక్కువగా పైకి పోతుంది. అందుకే రెండు మెట్ల మధ్య పడింది. ఇది కాక కాపీరైట్‌కి దొరక్కుండా కావాలని వేగం మార్చి పెట్టేవాళ్ళు వేరే ఉన్నారు.

అందుకని పాట నేర్చుకునేది ఆడియో కంపెనీవాళ్ళ సొంత ఛానెల్లోని ఆడియో విని, సినిమా రూపం చూసేది వీడియోలో. ఈ రెండూ కలపకండి.

## పాటలు నింపిన పెట్టె

పాత ట్రాన్సిస్టర్ ఆకారంలో వచ్చే ఈ పెట్టెల్లో అందరికీ తెలిసింది సరేగమవాళ్ళ కారవాన్, 2017లో వచ్చింది. బటన్ నొక్కితే పాట. నెట్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, “పాస్‌వర్డ్ ఏంట్రా” అని అమెరికాలో ఉన్న కొడుక్కి అర్ధరాత్రి ఫోన్ చెయ్యక్కర్లేదు. ఎఫ్ఎం కూడా వస్తుంది.

చిక్కల్లా అందులో ఉండేవి ఆ ఒక్క కంపెనీ చేతిలో ఉన్న పాటలే కావడం. సరేగమ అంటే పాత హెచ్ఎంవీ కాబట్టి ఘంటసాల, సుశీల కాలం పాటలకి లోటుండదు. తర్వాతి కాలంలో ఆదిత్య, లహరి లాంటి కంపెనీలకి పోయిన పాటలు అందులో వెతకొద్దు. మీ నాన్నగారి ఇష్టం 1975 దగ్గర ఆగిపోయి ఉంటే ఇది చక్కటి కానుక. కీరవాణి దాకా వచ్చి ఉంటే మాత్రం నెల తిరిగేసరికి “ఇందులో అవి లేవేంట్రా” అంటారు.

## రికార్డు: ఆశపడేముందు ఒక్క క్షణం

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను. ఈ మధ్య అందరికీ రికార్డు ప్లేయర్ మీదికి మనసు పోతోంది, ఎక్కువ డబ్బు పోయేది కూడా ఇక్కడే.

నేను మొదట కొన్నది సూట్‌కేసులా మడిచే చవక ప్లేయర్. పెట్టె మీద 33, 45, 78 మూడు స్పీడులూ ఉన్నాయని గొప్పగా రాసి ఉంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఫ్యాన్లు, మిక్సీ గిన్నెల పక్కన పడి ఉన్న ఒక 78 రికార్డు కొన్నాను. అమ్మినాయన దాన్ని వేలి చివర మీద నిలబెట్టి గోటితో టంగుమని కొట్టి చూపించాడు. “ఆవాజ్ దేఖో భాయ్, పగుల్ లేదు” అన్నాడు. నిజమే, పగుల్లేదు. ఇంటికొచ్చి పెడితే పాట కంటే ఆవాలు చిటపటలాడిన చప్పుడే ఎక్కువ. రికార్డు అరిగిపోయిందనుకుని అటక మీద పడేశాను. రెండేళ్ళ తర్వాత ఒక పెద్దాయన చెప్పారు. 78 రికార్డు గాడి, 33 స్పీడులో తిరిగే ఎల్పీ రికార్డు గాడి కంటే దాదాపు మూడింతలు వెడల్పు. ఎల్పీ ముల్లు ఆ గాడిలో గోడలకి ఆనకుండా అడుగున చెత్తలో ఈదుతుంది. స్పీడ్ ఉంటే చాలదు, దానికి వేరే ముల్లు ఉండాలి. కొట్టతను ఈ ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

అదే ప్లేయర్ నా ఎల్పీ ఒకదాన్ని కూడా తినేసింది. మంచి ప్లేయర్లో ముల్లు రికార్డు మీద రెండు గ్రాముల అటూఇటూ బరువుతో ఆనుతుంది. చవక వాటిలో ఐదు గ్రాముల దాకా ఉంటుంది, సర్దడానికి వీలుండదు. ప్రతిసారీ గాడిని కొంచెం కొంచెం చెక్కుతూ పోతుంది. కొనేటప్పుడు ముల్లు బరువు మార్చుకునే వీలుందా, ముల్లు విడిగా మార్చొచ్చా అని ఈ రెండూ అడగండి. లేదంటే ఆ డబ్బుకి మంచి హెడ్‌ఫోన్ వస్తుంది.

శుభ్రం చెయ్యడంలో ఇంకో ప్రమాదం. 78లు లక్కతో చేసినవి. స్పిరిట్ పెట్టి తుడిస్తే లక్క కరిగిపోతుంది. ఎల్పీ వినైల్. అది కరగదు గానీ ఎండకి వంగుతుంది. ఏప్రిల్‌లో కారు వెనక సీట్లో మరిచిపోయిన ఎల్పీ సాయంత్రానికి అప్పడంలా లేచి ఉంది. అన్నీ నిలబెట్టి దాచాలి, దొంతరగా పేర్చకూడదు.

ఇన్ని చెప్పాక కూడా నేనెందుకు ఉంచుకున్నానంటే, లేబుల్ కోసం. ముల్లు పెట్టేముందు లేబుల్ మీద రాసిన పేర్లు చదవడం, ఒక వైపు అయిపోగానే లేచి తిప్పడం. ఇరవై నిమిషాలకోసారి లేవాలి కాబట్టి వేరే పని చేస్తూ వినలేం. పాట వినడమే పనిగా పెట్టుకునేవాళ్ళకే రికార్డు. వంటింట్లోంచి వింటాను, నిద్రపోతూ వింటాను అనేవాళ్ళకి వద్దు.

పోతే, రికార్డులంత ఖర్చు లేకుండా అదే సరదా కావాలంటే ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్ళండి. పుస్తకాల గుట్టల్లో అప్పుడప్పుడు సినిమా పాటల పుస్తకాలు తగులుతాయి. న్యూస్‌ప్రింట్ మీద వేసిన పల్చటి పుస్తకాలు. సగం కథ చెప్పి “శేషం వెండితెరపై చూడండి” అని ఆపేస్తారు, తర్వాత పాటలన్నీ సాహిత్యంతో సహా. యాప్ ఇవ్వని రచయితల పేర్లు అందులో ఉంటాయి. పట్టుకుంటే అంచులు వేళ్ళకి పొడిలా అంటుకుంటాయి, ఇంటికి తెచ్చేదాకా సంచిలో అట్ట ముక్కల మధ్య పెట్టుకోండి.

## సీడీ, క్యాసెట్

క్యాసెట్ జ్ఞాపకానికి మంచిది, వినడానికి కాదు. రబ్బరు బెల్టులు సాగిపోయి ఉంటాయి, బాగుచేసేవాళ్ళు తక్కువ. ఒకవైపు ఒక సినిమా, రెండోవైపు ఇంకో సినిమా అన్న ఆ జత కోసం ఇష్టపడేవాళ్ళుంటే, అదే వరసలో యాప్‌లో ప్లేలిస్ట్ చేసి ఇవ్వండి. పావుగంట పని, చూసి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

సీడీ ఇప్పుడు ఎవరూ పట్టించుకోని మంచి బేరం. అసలైన ఆడియో సీడీలో 74 నుంచి 80 నిమిషాల పాటలే పడతాయి. “100 పాటలు” అని ఉన్నది ఎంపీ3 డిస్క్, అందులో కుదించి నింపుతారు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 90లు, 2000ల పాటలంటే ఇష్టమై, ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్ పని చేస్తుంటే పాత ఆడియో సీడీలు ఏరుకోండి.

## కచేరీ, టీవీ, థియేటర్

సినీ సంగీత విభావరులకి హైదరాబాద్‌లో కొదవ లేదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో, రవీంద్రభారతిలో చాలావాటికి ప్రవేశం ఉచితం. రెండింటికీ మెట్రో దగ్గర. ఘంటసాల పుట్టిన డిసెంబర్ 4, పోయిన ఫిబ్రవరి 11, బాలు పుట్టిన జూన్ 4, పోయిన సెప్టెంబర్ 25 చుట్టుపక్కల రోజుల్లో కార్యక్రమాలు వరసకడతాయి.

వెళ్ళేముందు ఒక్క ప్రశ్న అడగండి. ఆర్కెస్ట్రా ఉందా, ట్రాక్ మీద పాడతారా? ట్రాక్ అంటే పెన్‌డ్రైవ్‌లోంచి వాయిద్యాలు వస్తుంటే పైన గొంతు కలపడం. గాయకుడు ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, ఆలస్యమైతే ట్రాక్ ఆగదు. ఫ్లూటు, తబలా, రెండు వయొలిన్లు మనుషులే వాయిస్తుంటే ఊరికి అవతలైనా వెళ్ళొచ్చు. ఇక ఆహ్వానపత్రంలో సాయంత్రం 6 అని ఉంటే ఏడుంపావుకి బయల్దేరండి. శాలువాలు, జ్ఞాపికలు, ముఖ్య అతిథి గారి చిన్ననాటి ముచ్చట్లు అయ్యాక పాట మొదలవుతుంది. మా నాన్న మాత్రం ఆరింటికే వెళ్ళి ముందు వరసలో కూర్చుంటారు. సన్మానాలు కూడా కార్యక్రమమేరా అంటారు. శిల్పకళా వేదికలో, గచ్చిబౌలిలో టికెట్ పెట్టి చేసే పెద్ద కచేరీలకి పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలంటే పాట కంటే ముందు తిరుగు ప్రయాణం ఆలోచించుకోండి.

టీవీలో 1996లో ఈటీవీలో బాలు మొదలుపెట్టిన పాడుతా తీయగా ఒక తరానికి పాట ఎలా వినాలో నేర్పింది. పిల్లలు పాడాక ఆ పాట పుట్టుక గురించి ఆయన చెప్పే నాలుగు మాటల కోసమే మా ఇంట్లో అందరూ కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఆయన కొడుకు చరణ్ నడుపుతున్నారు. ఏ పోటీ కార్యక్రమమైనా కన్నీళ్ళు, డ్రమ్స్ మోత తీసేస్తే ఎంత పాట మిగులుతుందో చూసి ఎంచుకోండి.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో పాత సినిమాలు మళ్ళీ వేస్తున్నారు కదా, పాటలు పెద్ద స్పీకర్లలో వినొచ్చని వెళ్తే మాత్రం నిరాశే. హాలంతా పాడుతుంది, కాగితాలు ఎగురుతాయి, అసలు గొంతు వినపడదు. అది వేరే ఆనందం. పాటే కావాలంటే మామూలు రోజు మ్యాట్నీ చూడండి.

## మరి ఎవరికి ఏది?

ఫోన్ అంటే భయపడే పెద్దవాళ్ళకి రేడియో, దాని పక్కన పాటల పెట్టె. రెండూ కలిపినా మంచి రికార్డు ప్లేయర్లో సగం ధర కాదు. చూపు తగ్గినవాళ్ళకైతే పెట్టె కంటే రేడియోనే నయం, తిప్పే చక్రం చేతికి తెలుస్తుంది.

మీకు నలభై, నలభై ఐదు ఉండి క్యాసెట్ తరమైతే యాప్ తీసుకోండి, కానీ యాప్ చేసే ఎంపిక ఆపేసి సినిమావారీగా వినండి. పాడడం నేర్చుకునేవాళ్ళు యాప్‌లో అసలు ఆడియో, నెలకొక ఉచిత కచేరీ పెట్టుకుంటే చాలు. పాతికేళ్ళవాళ్ళు రికార్డుల మీద మనసు పడితే ముందు స్నేహితుడి ఇంట్లో రెండు ఆదివారాలు తిప్పడం, తుడవడం చేసి చూడండి. రెండో ఆదివారం కూడా ఇష్టంగా ఉంటే అప్పుడు కొనండి.

మా మేనత్త కొడుకుతో ఇదంతా చెప్పాను. రేడియో, పెట్టె అని తేల్చుకున్నాడు. ఎందుకైనా మంచిదని పోయిన శనివారం నేనే వనస్థలిపురం వెళ్ళి మామయ్యనే అడిగాను. పేపరు మడిచి పక్కన పెట్టారు.

“పాటలెందుకురా, పాటలు నోటికే వచ్చు. ఆదివారం రేడియోలో సినిమా వచ్చేది చూడు, మాటలతో సహా. మీ అత్తయ్య పప్పు రుబ్బుతూ వినేది, డైలాగు వచ్చేటప్పుడు రోలు ఆపేది. అది ఏమన్నా దొరుకుతుందా?”

నా పట్టికలో ఆ వరసే లేదు. హెచ్ఎంవీవాళ్ళు కొన్ని సినిమాల మాటలు కూడా ఎల్పీలుగా వేశారు. ఈ ఆదివారం ముగ్గురం కలిసి ఎర్రగడ్డ వెళ్తున్నాం. దొరికితే ఆ రికార్డు తిప్పడానికి మా ఇంట్లో ప్లేయర్ ఉంది, ముల్లు మార్చినది.